నీడలోకి వెళ్ళాక నాలుగు నిమిషాలు

జూన్ 3

ఇవాళా రాలేదు. సాయంత్రం ఆరూ నలభైకి రావాలి. కేబుల్ మార్చాను, కనెక్టర్ మార్చాను, యాంటెనా మీద మ్యాగ్‌పై వేసిన రెట్ట కూడా తుడిచాను. నిచ్చెన ఎక్కిన సంగతి సుధకి తెలియకూడదు. తెలిస్తే టార్నీట్‌లో తన ఇంటి నుంచి పావుగంటలో మా వెర్రిబీ వచ్చి వాలుతుంది, నిచ్చెనని కారెక్కించుకుని పోతుంది. కన్నకూతురు కాదు, కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు.

రేడియో సెట్టులో హోరు. అంతే. మా ఆవిడ అన్నపూర్ణ పోయి పది నెలలు. పైన తిరిగే పెద్దాయన గొంతు వినపడక పది నెలలు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు...

జూన్ 5

చెవి మిషన్లు వచ్చాయి. రెండు చెవులకీ రెండు, మినపగుళ్ళంత. పెట్టుకోగానే ఫ్రిజ్ మాట్లాడటం మొదలెట్టింది. నా చెప్పులు ఇంత రభస చేస్తాయని డెబ్భై ఏడేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

చెవులు చూసిన అమ్మాయి, రేపు వాన పడుతుందన్నంత తేలిగ్గా చెప్పింది — సన్నటి శబ్దాలు మీకు పదేళ్ళుగా వినపడుతుండవు అని. పక్కనే సుధ. "టెన్ ఇయర్స్, డాడ్? అమ్మకి తెలుసా?" నేను కిటికీలోంచి కార్‌పార్క్ వంక చూశాను. తెల్ల కార్లు ఎక్కువ.

పోనీ. లోపం సెట్టుది కాదు, నాది. ఇప్పుడు చెవులున్నాయి. ఇక దొరుకుతాడు.

జూన్ 6

లేదు.

జూన్ 8

లేదు. మ్యాగ్‌పై పాట మాత్రం వినిపించింది. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటూ, అది కాకిలా అరుస్తుందనుకున్నాను. క్షమాపణ చెప్పుకున్నాను. రెట్ట సంగతి ఎత్తలేదు.

జూన్ 10

మేఘన వచ్చింది. గుడిలో పులిహోర లైన్లో పరిచయమైన పిల్ల. ఇక్కడే పుట్టింది. యూనివర్సిటీలో పాత ఉపగ్రహాల మీద పీహెచ్‌డీ. "అంకుల్, నాకు తెలుగు వస్తుంది, బట్ ఐ సౌండ్ లైక్ ఎ ఫోర్ ఇయర్ ఓల్డ్" అంటుంది. నయం. నా ఇంగ్లీషుకి ఇంకా పళ్ళే రాలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి, చీరాలలో రేడియో రిపేరు కొట్టు పెట్టి, వాల్వుల మాన్యువళ్ళు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు. ఇప్పటికీ ఎవరినైనా పలకరించాలంటే ముందు "వార్నింగ్" అనాలనిపిస్తుంది.

పెద్దాయన సంగతి మొదటినుంచీ చెప్పమంది, ఫోన్లో రికార్డు పెట్టుకుని. అడగకపోయినా చెప్పేవాణ్ణి. అరవైల్లో అమెరికా మిలటరీ వాళ్ళు పంపిన ఉపగ్రహం. భూమి చుట్టూ తిరుగుతూ పైన రేడియేషన్ ఎంతుందో కొలిచి చెప్పమన్నారు. బంతంత డబ్బా. కొన్నాళ్ళు బుద్ధిగా చెప్పాడు. బ్యాటరీ చచ్చింది. పంపినవాళ్ళు మర్చిపోయారు. మళ్ళీ ఎన్నో ఏళ్ళ తర్వాత, లోపల ఏ తీగ ఏ తీగకి తగిలిందో — సోలార్ పలకల కరెంటు తిన్నగా ట్రాన్స్‌మిటర్‌కి ఎక్కింది. ఎండ తగిలితే గొంతు లేస్తుంది. భూమి నీడలోకి వెళ్తే టక్కున ఆగుతుంది. చెప్పడానికి లెక్కలేమీ లేవు. ఉత్త కూత.

"కొలవడం మరిచాడు, అరవడం మరవలేదు. అచ్చం మీలాగే" అనేది అన్నపూర్ణ.

మా పద్ధతి కూడా చెప్పాను. పెద్దాయన మన మీదుగా వెళ్ళే సమయం — దాన్ని పాస్ అంటారు — ఎన్నింటికి పొడుస్తాడు, ఎన్నింటికి గుంకుతాడు, వారం వారం ఒక కాగితం మీద తీసి షెడ్డు గోడకి గుచ్చుతాను. నేను డయల్ తిప్పాలి. ఆమె రాయాలి. ఇద్దరికీ హెడ్‌ఫోన్లు. పుస్తకంలో మూడే మాటలు: వచ్చింది, పోయింది, లేకపోతే రాలేదు. పదకొండేళ్ళు. పద్నాలుగు పుస్తకాలు.

మేఘన ఒక్కో పేజీ మెల్లగా తిప్పింది, పసుపు బట్టలు పట్టుకున్నట్టు. ఇంత వరసగా ఇంకెవరూ రాయలేదట. తన పేపర్లో వేస్తుందట. అబ్జర్వర్: ఎ. అన్నపూర్ణ.

టీ పెడతానని లేచి లోపలికి వెళ్ళాను. పాలు పొంగినా చాలాసేపు బయటికి రాలేదు.

జూన్ 11

అబ్జర్వర్!... ఆమెకి తగిన మాటే. కుక్కర్ విజిల్ విని గ్యాస్కెట్ పోయిందని చెప్పేది. సుధ కారు మలుపు తిరగకముందే "పిల్ల ఏదో కోపంలో ఉంది, బ్రేకు చూడండి" అనేది.

అసలు పరిచయమే చెవితో. వాళ్ళ నాన్న రేడియో చంకన పెట్టుకుని కొట్టుకొచ్చింది. ఏమైందంటే — "వార్తలాయన 'స' అన్నప్పుడల్లా గీరుతోంది" అంది. 'స' అన్నప్పుడే. నేను వారం రోజులు వెతికాను. స్పీకరు కాగితం మీద వెంట్రుకంత చీలిక. బాగుచేసి ఇచ్చి, ఇంకోసారి తెండి, చూడాలి అన్నాను. చూడటానికి ఏమీ లేదు. ఆమెకీ తెలుసు. తెచ్చింది.

జూన్ 16

మేఘన పుస్తకాలన్నీ స్కాన్ చేసి తెచ్చి ఇచ్చింది. ఒక్క పేజీ నలగలేదు. పెంపకం మంచిది.

పాస్ ఐదూ యాభైకి. లేదు.

జూన్ 22

మేఘన ఈమెయిల్. "హాయ్ అంకుల్, స్మాల్ క్వశ్చన్." ఈ దేశంలో పెద్ద దెబ్బలన్నీ స్మాల్ క్వశ్చన్ అనే వస్తాయి.

చివరి పుస్తకాల్లో పెద్దాయన భూమి నీడలోకి వెళ్ళిన తర్వాత కూడా వినపడుతున్నాడట. ఒక పాస్‌లో నాలుగు నిమిషాలు. ఇంకో దాంట్లో మూడు. గడియారం తప్పేమో చూస్తారా, అని.

గడియారం తప్పా! నా షెడ్డులో! జవాబు రాయలేదు. రాస్తే వార్నింగ్‌తో మొదలవుతుంది.

జూన్ 23

గడియారం సరిగ్గానే ఉంది.

పెన్సిలూ పాత కాగితాలూ పట్టుకుని నేనే కూర్చున్నాను. నీడ ఎన్నింటికి తగులుతుందో ఎప్పుడూ నోటి లెక్కే వేసేవాణ్ణి, గోడ కాగితం మీద రాసేవాణ్ణి కాదు. కాగితం మీద ఉండేవి రెండే — పొడుపు, గుంకుడు. ఇవాళ ఒక్కో పాస్‌కీ నీడ వేళ కట్టి పక్కన పెట్టాను.

పాత పుస్తకాల్లో "పోయింది" సరిగ్గా నీడ దగ్గరే. అర నిమిషం అటూ ఇటూ. బంగారం. చివరి మూడు పుస్తకాల్లో "పోయింది" నీడ దగ్గర లేదు. గోడ కాగితం మీద గుంకుడు వేళ ఎంత ఉందో, అంతే ఉంది. నిమిషంతో సహా. ప్రతిసారీ.

కరెంటు లేకుండా, చీకట్లో, నాలుగు నిమిషాలు ఎలా అరిచాడు?

మేఘనకి ఫోన్ చేశాను. చాలాసేపు ఆ మాటా ఈ మాటా. చివరికి మెల్లగా — "అంకుల్, వేరే దేశాల్లో వినేవాళ్ళని అడిగాను. ఎవరికీ వినపడలేదంట. సిన్స్ దట్ వింటర్."

"ఏ వింటర్ అమ్మా?"

"లాక్‌డౌన్ వింటర్." ఇక్కడ చలికాలమంటే జూన్, జూలై, ఆగస్టు.

జూన్ 24

చెవి మిషన్లు తీసేసి పుస్తకాలు తిరగేశాను. మొదటి పదకొండింట్లో "రాలేదు" పేజీకి మూడో నాలుగో. ఉండాలి మరి. వాన, ఉరుము, పక్కింటివాడి వెల్డింగు. ఆ "రాలేదు"ల కోసం ఎన్ని పోట్లాటలు! "వచ్చాడే, సన్నగా ఉన్నాడు" అంటాను. "మీరు విన్నది మీ కడుపులో గాలి" అంటుంది. "రాలేదు" అని రాసి కింద గీత కూడా గీసేది, నన్ను ఉడికించడానికి.

చివరి మూడింట్లో ఒక్క "రాలేదు" లేదు.

జూన్ 25

నాలుగేళ్ళు గోడ కాగితం చూసి రాసింది.

జూన్ 27

ఆస్పత్రి. రాయకూడదనుకున్నాను.

ఆఖరి వారం. సాయంత్రమయ్యేసరికి మొదలెట్టేది — "బయల్దేరండి. పాస్ ఉంది." వద్దంటే వినేది కాదు. "పుస్తకంలో ఖాళీ పడుద్ది. వెళ్ళండి." వెళ్ళాను. అదీ సంగతి. వెళ్ళాను. షెడ్డులో కూర్చుని ఆమెకి ఫోన్ కలిపి, ఫోన్ తీసుకెళ్ళి స్పీకరుకి ఆనించాను.

"వస్తోందా?"

"ఆ... వచ్చిందండీ. టైం రాస్తున్నా."

"ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడు. సన్నగా ఉన్నాడు. మీరు అన్నం తిన్నారా?"

నేను నకలు తీసి ఇచ్చిన ఆ వారం కాగితం పక్కన పెట్టుకుని, ఆస్పత్రి మెనూ కార్డు వెనక రాసింది. వచ్చింది, పోయింది. అంకె వంకర పోయిన చోట మళ్ళీ దిద్దింది. ఐదు సాయంత్రాలు. ఐదు కార్డులు. వాటిని పద్నాలుగో పుస్తకం చివర నేనే జిగురు పెట్టి అంటించాను, గొప్పగా.

ఆరో రోజు పొద్దున పోయింది. పక్కనే ఉన్నాను. అయితే ఏం. మంచం పక్క కుర్చీలో కూర్చోవాల్సిన ఐదు సాయంత్రాలు, ఉత్త హోరుకి ఫోను పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. నర్సు నాతో అంది కూడా — మీ ఆవిడ రోజూ ఈ టైముకి ఫోను చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది, ఏం పాట వినిపిస్తారు అని. నవ్వాను. గర్వంగా.

జూన్ 28

ఏమీ రాయాలని లేదు.

జూలై 1

మొదటి అబద్ధపు పేజీ దొరికింది. వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే పన్నెండో పుస్తకం మొదట్లోనే ఉంది. తారీఖు చూడగానే తెలిసింది. చీరాలలో అన్నయ్య పోయిన వారం. విమానాలు లేవు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న రోజులు. అన్నయ్య దహనం ఫోన్లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది, మళ్ళీ వచ్చేసరికి అందరూ చెప్పులు వేసుకుంటున్నారు.

అన్నం మానేశాను. మూడు రోజులు. ఆమె రోజూ కంచం పెట్టి, మళ్ళీ తీసేది. నాలుగో సాయంత్రం "పాస్ ఉంది, రండి" అని చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళింది.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది. ఈ కాగితానికి చెప్తున్నాను.

నాకు అప్పటికే పెద్దాయన వినపడటం మానేసి చాలా ఏళ్ళు. ఒప్పుకోలేదు. రేడియో మెకానిక్కుకి చెవులు పోయాయంటే, దర్జీకి చేతులు పోయినట్టు. నేను హెడ్‌ఫోన్లలో వినేవాణ్ణి కాదు, ఆమె పెన్ను వంక చూసేవాణ్ణి. పెన్ను కదిలితే "ఆ, వచ్చాడు" అని తలూపేవాణ్ణి. పోట్లాటల్లో "వచ్చాడే" అని వాదించినవన్నీ ఉత్త బుకాయింపు.

ఆ సాయంత్రం పెన్ను కదల్లేదు. నిమిషం. రెండు నిమిషాలు. ఆమె అలాగే వింటోంది, కనుబొమలు ముడిచి. ఇంకొక్క మాట — "రాలేదు" అనే ఆ ఒక్క మాట — ఆ రోజు నేను పడలేను అనిపించింది. నేనే అన్నాను.

"వచ్చాడుగా. రాయి."

నా మొహం వంక చూసింది. గోడ కాగితం వంక చూసింది. రాసింది.

ఆ రాత్రి అన్నం తిన్నాను.

అంటే మొదలెట్టింది ఆమె కాదు.

జూలై 3

ఆమె అనుకుని ఉంటుందా... నాకు నిజంగా వినపడుతోందని? తనకే వినపడటం లేదని? అంత చెవిగల మనిషి?

జూలై 6

సుధ వచ్చింది, సాంబారూ బీన్స్ కూరా తెచ్చింది. ఆబ్దికం తిథి మాట్లాడాలట. పురోహితుడికి శనివారమైతే కుదురుతుందట, వారంలో ఆయనకి ఐటీ ఉద్యోగం. వింటూ వింటూ మధ్యలో చెప్పేశాను. నీడ, నాలుగు నిమిషాలు, పెన్ను, అన్నీ. తిడుతుందనుకున్నాను.

సాంబారు గిన్నె మూత తిప్పుతూ కూర్చుంది.

"డాడ్... అమ్మ నన్ను హియరింగ్ టెస్ట్‌కి తీసుకెళ్ళమంది. లాక్‌డౌన్ తీసేయగానే. మీకు చెప్పొద్దని ప్రామిస్ చేయించుకుంది."

"ఎందుకూ?"

"'మీ నాన్నకి వినపడేది నాకు వినపడట్లేదే, చెవులు పోయినట్టున్నాయి' అంది. షి వాస్ సో స్కేర్డ్, డాడ్."

"టెస్ట్‌లో ఏమన్నారు?"

"పర్ఫెక్ట్. ముప్పై ఏళ్ళ మనిషి చెవులన్నారు."

"అమ్మ ఏమంది?"

"కార్లో కూర్చుని నవ్వింది. చాలాసేపు. ఆపకుండా. తర్వాత... ఏడ్చిందేమో, ఐ డోంట్ నో. నేను డ్రైవ్ చేస్తున్నా. రోడ్డు చూస్తున్నా."

తారీఖు గుర్తుందా అన్నాను. ఫోన్ క్యాలెండర్లో వెతికి చెప్పింది. ఆ రోజు పేజీ తీశాను. వచ్చింది 6:12. పోయింది 6:25. అక్షరం కూడా వంకర పోలేదు.

సుధ వెళ్ళేటప్పుడు నిచ్చెన చూసింది. దారికి అడ్డం లేకుండా జరిపి వెళ్ళిపోయింది. దానికంటే తీసుకెళ్ళినా బాగుండేది.

జూలై 7

తెలుసు. అంతా తెలుసు ఆమెకి. నాకు వినపడదని తెలుసు. పెద్దాయన ఇక లేడని తెలుసు. ఫోను స్పీకరుకి ఆనించి "ఉన్నాడా" అంటే "ఉన్నాడు" అన్నప్పుడు — అడిగేవాడికి వినపడదని తెలిసే.

ఒక్కసారి అనొచ్చుగా. "ఎందుకండీ ఈ నాటకం, చెవులు చూపించుకోండి" అని. మూడు వందల అరవై ఐదు ఇంటూ నాలుగు రోజులు, ప్రతిరోజూ అనడానికి అవకాశం ఉంది. నేనూ అనొచ్చు. ఒకే బల్ల. పక్కపక్క కుర్చీలు. మోచెయ్యి తగిలేంత దూరం.

జూలై 8

మేఘనకి ఫోన్లో చెప్పాను. పన్నెండో పుస్తకం నుంచి వాడొద్దని. కారణం సగమే చెప్పాను. "థాంక్ యూ అంకుల్. దట్స్ రియల్లీ ఆనెస్ట్" అంది.

ఆనెస్టట!

జూలై 11

మేఘన పేపరు పంపింది, చూడమని. వార్నింగులు లేని ఇంగ్లీషు, చక్కగా ఉంది. పదకొండు పుస్తకాల గురించి ఒక పేరా. ఆమె పేరు. ఊరు. చివర ఒక వాక్యం — అన్నపూర్ణ పరిశీలనలు ఫలానా జూలైతో ముగిశాయి.

ముగిశాయి.

మూడుసార్లు చదివాను. లోకం దృష్టిలో ఆ జూలైలోనే పోయింది ఆమె. ఆ తర్వాత నాలుగేళ్ళు సాయంత్రం సాయంత్రం స్వెటర్ వేసుకుని, కీళ్ళ నొప్పితో నాలుగు మెట్లు దిగి షెడ్డుకి వచ్చి, ఉత్త హోరు చెవులకి తగిలించుకుని పావుగంట కదలకుండా కూర్చున్న మనిషి లేనే లేదు. చంపింది నేనే, ఫోన్ చేసి మరీ.

మళ్ళీ ఫోన్ చేశాను. ఆ వాక్యం తీసేయమ్మా అన్నాను.

"ఓకే అంకుల్. కానీ ఆ మూడు పుస్తకాల గురించి ఏదో ఒకటి చెప్పాలి కదా. పేపర్ చూసేవాళ్ళు అడుగుతారు. ఊరికే వదిలేస్తే నేను దాచినట్టు అవుతుంది."

"ఏం చెప్పాలి?"

"అవి ఏంటో. జస్ట్ వన్ లైన్. మీరు తెలుగులో చెప్పినా సరే, నేను మారుస్తా. మండేకి పంపాలి."

జూలై 12

ఒక్క లైను. మామిడికాయ గురించి అడిగితే రెండు గంటలు చెప్పగలను.

జూలై 13

ఆదివారం. పొద్దున్నుంచి ఇదే బల్ల.

"ఇవి పరిశీలనలు కావు" అని రాశాను. కొట్టేశాను. ఆ నాలుగేళ్ళలో ఆమె చూడనిది ఏముంది. "ఇవి కల్పించినవి" అన్నాను. చెయ్యి రాలేదు, అదీ కొట్టేశాను. "భర్తకి చెవుడని" అని మొదలెడితే నాలుగు పేజీలైంది, అందులో రెండు పేజీలు చీరాల.

సుధ ఫోన్ చేసింది. "అయిందా డాడ్?" లేదన్నాను. "ఐ కెన్ రైట్ ఇట్ ఫర్ యూ." వద్దమ్మా.

మళ్ళీ కొత్త కాగితం.

"చివరి మూడు పుస్తకాలు, ఎ. అన్నపూర్ణ విని —"

ఇక్కడ ఆగాను. కొట్టేయలేదు; హోరైనా సరే, విన్నది నిజమే. తర్వాతి మాటా రావడం లేదు. మేఘన రెండుసార్లు మెసేజి పెట్టింది, నో ప్రెషర్ అంకుల్ అని. నాలుగు దాటింది. ఇంకా "విని" దగ్గరే ఉన్నాను.